పెద్దాయన వాటా

మా షెడ్డులో అతన్ని అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. హాజరుపట్టీలో ఒక పేరుండేది గానీ, గుమస్తా అది చదివినప్పుడు అతను కూడా ఒక క్షణం ఆగి పలికేవాడు. అందరికీ అతను పిసరయ్య. ఆ పేరు పెట్టింది నేను. నా నోరు మంచిది కాదని నాకు తెలుసు. కాకపోతే నేను పెట్టిన పేర్లు మాత్రం అతుక్కుపోతాయి.

మేం కాళ్ళు చేస్తాం. ప్రమాదంలోనో జబ్బు చేసో కాలు పోయినవాళ్ళకి చెక్కతో చేసే కాళ్ళు. ఆసుపత్రి వెనకాల రేకుల షెడ్డు, ఒక మూల ప్లాస్టర్ అచ్చులు పోసే తొట్టి, మధ్యలో చెక్కపని బల్లలు, కిటికీ పక్కన నా కుట్టుమిషను. కాలిని ఒంటికి పట్టి ఉంచే తోలు పట్టీలు నా పని. పిసరయ్య బల్ల సరిగ్గా నాకెదురుగా ఉండేది. ఇరవై మూడేళ్ళు అతని మొహం చూస్తూ తోలు కుట్టాను. మా ఆయన మొహం కూడా అన్ని గంటలు చూసి ఉండను, చూసినా అంత ఓపిగ్గా చూసి ఉండను.

అతని పని గిన్నె. మోకాలి కింద మిగిలిన కాలు వెళ్ళి కూర్చునే గుంటని మేం గిన్నె అంటాం. చెక్క కాలిలో అసలు కష్టమంతా అక్కడే ఉంది. పాదం ఎవరైనా చెక్కుతారు, రంగు ఎవరైనా వేస్తారు. గిన్నె కుదరకపోతే మిగతాదంతా కట్టెపుల్ల కింద లెక్క. గుండ్రటి ఆకురాయి పట్టుకుని, గిన్నె లోపల చెక్కని అరగదీస్తూ, చెయ్యి పెట్టి తడుముతూ, మళ్ళీ అరగదీస్తూ ఒక్కో గిన్నె మీద వారం పది రోజులు కూర్చునేవాడు.

బయటివాళ్ళకి ‘కొంచెం’ అనే ఒక్క మాటతో బతుకు గడిచిపోతుంది. మాకు గడవదు. మాకు నూలు ఉంది, అంగుళంలో ఎనిమిదో వంతు, టేపు మీద కనిపిస్తుంది కాబట్టి దాని గురించి ఎవరూ వాదించరు. నూలు కింద పిసరు. పిసరంటే పోస్టుకార్డు మందం. పిసరయ్య బల్ల సొరుగులో నిజంగానే ఒక పాత పోస్టుకార్డు ఉండేది. కొత్తగా చేరినవాళ్ళకి దాని అంచు చూపించి, ఇంత, ఇంతకన్నా ఎక్కువా వద్దు తక్కువా వద్దు అనేవాడు. పిసరు కింద రవ్వ, అది న్యూస్ పేపరు మందం. ఆ కింద ఊదు. ఊదుకి కొలత లేదు. ఆకురాయిని రెండుసార్లు ఆడించి, పొడి ఊదేసి, మళ్ళీ తొడుక్కోమనడమే. సగంసార్లు ఆకురాయి చెక్కకి తగిలేది కూడా కాదు. అయినా పేషెంటు లేచి నిలబడి, ఆఁ ఇప్పుడు హాయిగా ఉంది అనేవాడు.

పేషెంట్లు మాట్లాడే పద్ధతి వేరు. దాన్ని అర్థం చేసుకోవడం పిసరయ్య నాకు నేర్పాడు. చచ్చిపోతున్నాను బాబోయ్ అని షెడ్డు రేకులు అదిరేలా అరిచినవాడికి ఊదు చాలు. పర్లేదండీ, కొంచెం పట్టేసినట్టుంది అని నేల చూస్తూ అన్నవాడిని మాత్రం అక్కడికక్కడ కూర్చోబెట్టి కాలు ఊడదీయాలి. అక్కడ చర్మం లేచిపోయి ఉంటుంది. అలాంటివాళ్ళు ఇంటికెళ్ళినా చెప్పరు, మళ్ళీ రారు, పుండు పడేదాకా నడుస్తారు. ఈ సంగతి పిసరయ్య ఎన్నిసార్లు చెప్పాడంటే, విని విని నాకు విసుగొచ్చేది.

మా దగ్గర ఇంకో మాట కూడా ఉండేది. సాయంత్రం నాలుగున్నర దాటాక, మళ్ళీ ఆకురాయి పట్టే ఓపిక లేనప్పుడు, పేషెంటు భుజం తట్టి అనే మాట: కొత్తది కదా, సర్దుకుంటుంది. ఏది దేనికి సర్దుకుంటుందో మాకూ తెలుసు. చెక్క సర్దుకోదు. ఆ మాట నేనూ అన్నాను, షెడ్డులో అననివాళ్ళు లేరు. పిసరయ్య ఒక్కడే అనేవాడు కాదు. ఎవరైనా అంటుంటే విని, లేచి వెళ్ళి ఆ పేషెంటు ముందు మోకాళ్ళ మీద కూర్చునేవాడు. దాంతో మాకందరికీ ఇల్లు చేరడం ఆలస్యమయ్యేది, అతన్ని లోపల తిట్టుకునేవాళ్ళం.

ఇక పెద్దాయన గురించి చెప్పాలి. షెడ్డుకి పెద్ద. ఆయన సంతకం లేకుండా ఏ కాలూ బయటికి పోకూడదు. ఒకప్పుడు మంచి పనివాడే అంటారు, నేను వచ్చేసరికి ఆ పని ఏదీ మిగల్లేదు, చెయ్యి చాపడం మాత్రం మిగిలింది. తయారైన గిన్నెలో చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, వేళ్ళు అటూ ఇటూ తిప్పి, ‘ఇక్కడో పిసరు తియ్’ అనేవారు. తీసేదాకా నిలబడేవారు. తీశాక మళ్ళీ చెయ్యి పెట్టి, ఆఁ అని సంతకం చేసేవారు. ఒక్క గిన్నెకి కూడా ఏమీ చెప్పకుండా సంతకం పెట్టిన పాపాన పోలేదు.

పిసరయ్య చేరిన కొత్తలో ఒక బడి పంతులమ్మకి కాలు చేశాడు. గిన్నె అచ్చుగుద్దినట్టు కుదిరింది. పెద్దాయన చెయ్యి పెట్టి, అలవాటు ప్రకారం పిసరు తియ్యమన్నారు. సరిగ్గానే ఉంది సార్ అన్నాడు ఇతను, చిన్నతనం కదా. ఆయన కోప్పడలేదు. తియ్ అన్నారు మళ్ళీ, అదే గొంతుతో. తీశాడు. నెల తిరక్కుండా ఆ పంతులమ్మ కాలు వదులై, మెట్ల మీద కాలు తిరగబడి పడి, చెయ్యి విరగ్గొట్టుకుని వచ్చింది. కావలసినదానికన్నా ఎక్కువ అరగదీసినందుకు సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. వచ్చింది పిసరయ్యకి. ఆ కాగితం కింద సంతకం పెద్దాయనది.

ఆ తర్వాత నించీ పిసరయ్య ప్రతి గిన్నెలో ఒక పిసరు వదలడం మొదలుపెట్టాడు. మోకాలికి కాస్త కింద, బయటివైపు, వేలితో తడిమితే ఒక ఎముక గుండీలా తగులుతుంది. గిన్నెలో సరిగ్గా ఆ ఎముక ఆనే చోట వదిలేవాడు. చెయ్యి పెట్టగానే తగిలే చోటు అది. పెద్దాయన చెయ్యి పెట్టేవారు, కళ్ళు మూసుకునేవారు, వేలు అక్కడ ఆగేది, మొహం వెలిగేది. ఇక్కడో పిసరు తియ్. పిసరయ్య తలూపి ఆ పిసరూ తీసేవాడు. గిన్నె అప్పుడు సరిగ్గా ఉండాల్సినట్టు అయ్యేది. దానికి ‘పెద్దాయన వాటా’ అని పేరు పెట్టింది కూడా నేనే.

తర్వాత్తర్వాత షెడ్డంతా అదే దారి పట్టింది. నేను ప్రతి పట్టీకీ ఒక రంధ్రం తక్కువ వేసేదాన్ని, ఆయన ఇంకో రంధ్రం వెయ్యమ్మా అనేవారు. ప్లాస్టర్ పోసేవాడు అచ్చు మీద ఒక గడ్డ వదిలేవాడు. ఒక మనిషి సంతకం కోసం ఇంతమందిమి కూర్చుని పనిగట్టుకుని తప్పులు తయారుచేసేవాళ్ళం. ఎవరి తప్పు ఎక్కడుందో వాళ్ళకి తెలుసు గనక పేషెంట్లకి నష్టం లేదనుకునేవాళ్ళం. టీ తాగుతూ దాని మీద జోకులు వేసుకునేవాళ్ళం. మా తెలివికి మేమే మురిసిపోయేవాళ్ళం, సిగ్గులేకుండా.

పిసరయ్యకి ఒక తమ్ముడు. తల్లీతండ్రీ పోయేనాటికి వాడికి ఏడేళ్ళు, ఇతనికి పంతొమ్మిది. పిసరయ్యకి పిల్లల్లేరు. పిల్లాడు లేడని అతని భార్య ఎప్పుడూ అనగా వినలేదు, మరిదినే కొడుకనుకుంది. తమ్ముడికి పెళ్ళై ఒక కూతురు పుట్టాక కూడా అందరూ ఒకటే ఇంట్లో ఉండేవాళ్ళు. రెండు గదులు, ఒక వంటిల్లు. నేను వెళ్ళినప్పుడల్లా ఆ ఇంటిని చూసి నవ్వొచ్చేది. తలుపు తెరుచుకోవడానికి మంచం కాలు ఒక పక్క కోశాడు, మంచం పట్టడానికి బీరువా అంచు చెక్కాడు, బీరువా తెరుచుకోవడానికి గడప అరగదీశాడు. ప్రతి వస్తువునీ ఎంతో కొంత తీసి పక్కదాన్లో ఇరికించిన ఇల్లు అది.

తమ్ముడు బస్సు కండక్టరు. అన్న ఎంత ముక్తసరో వీడంత వాగుడుకాయ. వాడి ఉద్యోగమంతా కూడా జరిపించడమే: కొంచెం ముందుకి, ఒక్క అడుగు లోపలికి, కాస్త సర్దుకోవాలమ్మా. షెడ్డుకొస్తే మమ్మల్నందర్నీ నవ్వించి పోయేవాడు. ఒకసారి అన్న పోస్టుకార్డు అంచు ఎవరికో చూపిస్తుంటే, ‘మా అన్నయ్య పిసరులో చీమ కూడా పట్టదు, నా కొంచెంలో నలుగురు పడతారు’ అన్నాడు. పిసరయ్య ఆ పూటంతా తలుచుకుని తలుచుకుని నవ్వాడు. అతను పళ్ళు కనిపించేలా నవ్వడం అరుదు, అందుకే గుర్తుంది.

ఆ తమ్ముడికే డిపోలో ప్రమాదం జరిగింది. వెనక్కి వస్తున్న బస్సుకీ ఆగి ఉన్న బస్సుకీ మధ్య ఇరుక్కున్నాడు. ప్రాణం దక్కింది, ఎడమ కాలు మోకాలి కింద నించి పోయింది. డిపోవాళ్ళు ఒక తేదీ ఇచ్చారు. ఆ రోజు ముగ్గురు అధికారుల ముందు కర్ర లేకుండా ఆవరణ ఈ చివర నించి ఆ చివరికి నడవాలి, బస్సు మెట్లు మూడుసార్లు ఎక్కి దిగాలి, కదిలే బస్సులో దేన్నీ పట్టుకోకుండా నిలబడాలి. చేస్తే ఉద్యోగం ఉంటుంది. చెయ్యలేకపోతే కూర్చుని చేసే పనులకి ఖాళీల్లేవని ముందే కాగితం మీద రాసిచ్చారు. వాడికి తెలిసింది బస్సు ఒక్కటే. మనుషుల మధ్య నిలబడి గొంతెత్తకపోతే వాడు మనిషి కాడు. ఇంట్లో మంచం మీద కూర్చున్న ఆ రెండు నెలల్లోనే సగమైపోయాడని పిసరయ్య భార్య నాతో చెప్పి ఏడ్చింది.

తమ్ముడి గిన్నెకి పిసరయ్య పదకొండు రోజులు తీసుకున్నాడు. చెక్క ముక్క తనే ఎంచుకున్నాడు, మధ్యాహ్నం బల్ల దగ్గరే తిన్నాడు. నేనూ నా దగ్గరున్న తోలులో మెత్తటిది దాచి పెట్టి పట్టీ కుట్టాను. ఆఖరి రోజు గిన్నెలో చెయ్యి పెట్టి చూశాను. బయటివైపు వేలికి తగిలింది.

తమ్ముడి కాల్లో కూడా వాటా వదిలావా అన్నా అని అడిగాను. వదలకపోతే ఇంకో చోట తియ్యమంటారు, అది ఇంకా ప్రమాదం అన్నాడు. నిజమే. పంతులమ్మ కథ నాకూ తెలుసు కదా.

పెద్దాయన వచ్చారు. చెయ్యి పెట్టారు, కళ్ళు మూసుకున్నారు. వేలు అక్కడికి వెళ్ళింది, ఆగింది. నేను మిషను ఆపి చూస్తున్నాను. ఆయన కళ్ళు తెరిచారు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. మనిషి చెడ్డవారు కాదు, అదే మా దౌర్భాగ్యం, చెడ్డవారైతే ఇంత జరిగేది కాదు. చెయ్యి బయటికి తీసి పిసరయ్య భుజం మీద వేశారు.

‘నీ తమ్ముడి కాలయ్యా ఇది. నీ చేతికి నేనేం చెప్తాను? అద్భుతంగా ఉంది. ఇంక ముట్టుకోకు.’

అని సంతకం చేశారు. అందర్నీ పిలిచి, పనంటే ఇదీ, చూసి నేర్చుకోండి అన్నారు. నా పట్టీ చూసి దానికీ రంధ్రం వెయ్యమనలేదు, ఆ రోజు అంత దయలో ఉన్నారు. లోపలి పూత పూసేవాణ్ణి పిలిచి ఆ పూటే వార్నిష్ కొట్టెయ్యమని తన గదిలోకి వెళ్ళిపోయారు.

ఆయన అటు తిరగ్గానే నేను పంచ్ పెట్టి ఒక్క దెబ్బ కొట్టి పట్టీకి రంధ్రం వేసేశాను. పిసరయ్య మాత్రం చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ మొహం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పొడి అంటిన మీసాల కింద చిన్న నవ్వు. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి బాగుందనిపించుకున్న మనిషి మొహం అది.

అన్నా, వార్నిష్‌వాడు వచ్చేలోపు తీసెయ్, ఎవరు చూస్తారు అన్నాను. ముట్టుకోవద్దన్నారు కదమ్మా అన్నాడు. అది వాటా కదా అన్నాను. వాడు తొడుక్కుని చూసి పట్టేస్తోందంటే అప్పుడు తీస్తాలే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అతనికి తెలియదా? అందరికన్నా అతనికే తెలుసు. తీస్తే ఆ మెప్పు అబద్ధమైపోతుంది, అందుకని తీయలేదు. నేను ఇంకోసారి గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఆకురాయి లాక్కుని నేనే తీసి ఉండాల్సింది. ఎదుటివాడి బల్ల మీద చెయ్యి వేయడమెందుకని మిషను తొక్కుకున్నాను.

మర్నాడు తమ్ముడు వచ్చాడు. రెండు వైపులా పట్టుకోవడానికి కడ్డీలున్న దారి ఒకటి మా షెడ్డులో ఉంది, మొదటి నడక అక్కడే నడిపిస్తాం. వాడు కాలు తొడుక్కుని నాలుగడుగులు వేశాడు, కడ్డీలు వదిలేసి ఇంకో నాలుగు వేశాడు. అందరం పని ఆపి చూశాం. పెద్దాయన కూడా వచ్చి దారి చివర నిలబడ్డారు, చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళికొడుకు తండ్రిలా. ఎలా ఉందోయ్ అని అడిగారు.

‘బ్రహ్మాండంగా ఉంది సార్’ అన్నాడు తమ్ముడు. ఆ తర్వాత అన్న వైపు తిరిగి, నేల చూస్తూ, ‘కొంచెం పట్టేసినట్టుంది అన్నయ్యా, పర్లేదు’ అన్నాడు.

పిసరయ్య చెయ్యి బల్ల మీది ఆకురాయి దాకా వెళ్ళింది. పెద్దాయన మొహం చూశాడు. ఆయన ఇంకా చిరునవ్వుతోనే ఉన్నారు. చెయ్యి వెనక్కి వచ్చింది.

‘కొత్తది కదరా, సర్దుకుంటుంది’ అన్నాడు పిసరయ్య.

తమ్ముడు తలూపాడు. అన్న మాట వాడికి ఎప్పుడూ రెండోసారి చెప్పాల్సిన పని లేదు. నేను తలొంచుకుని కుట్టుకున్నాను. ఆ రోజు నించీ ఇవాళ్టిదాకా ఆ మాట నా చెవుల్లో ఉంది. ఇంకెవరు అన్నా నేను పట్టించుకునేదాన్ని కాదు.

ఎనిమిది రోజుల తర్వాత డిపోలో పరీక్ష. తమ్ముడు ఆవరణంతా నడిచాడు. మెట్లు మూడుసార్లు కాదు, అడక్కుండానే నాలుగోసారి కూడా ఎక్కాడు. కదిలే బస్సులో నిలబడి, అధికారుల్నే ‘కొంచెం లోపలికి జరగండి సార్’ అన్నాడట, వాళ్ళూ నవ్వారట. ఉద్యోగం నిలబడింది. మర్నాడు పిసరయ్య టీ అందరికీ తనే తెప్పించాడు. పెద్దాయన వెళ్ళేవాళ్ళకీ వచ్చేవాళ్ళకీ ఆ కాలు కథ చెప్పుకున్నారు. నేను కూడా, పోన్లే, మనం అనవసరంగా భయపడ్డాం అనుకున్నాను. అనుకోవడం ఎంత సుఖంగా ఉందో చెప్పలేను.

తర్వాత ఏం జరిగిందో తమ్ముడి భార్య నోట విన్నాను. రోజుకి ఎనిమిది గంటలు బస్సులో నిలబడేవాడు. ఇంటికొచ్చి కాలి మేజోడు తనే ఉతుక్కోవడం మొదలుపెట్టాడు. ఎన్నడూ చెంబు కడిగి ఎరగని మనిషి. మొదట ఆ పిల్ల, ఉద్యోగం నిలబడ్డాక బుద్ధొచ్చిందని సంతోషపడింది. ఒకరోజు తీగ మీద ఆరేసిన మేజోడు మీద మరక చూసింది. నిలదీస్తే చూపించాడు. ఎముక దగ్గర రూపాయి బిళ్ళంత పుండు, దాని మీద దూది, దూది మీద గుడ్డ. దూది పెట్టేకొద్దీ గిన్నె ఇంకా బిగిసింది, అదీ వాడికి తెలియలేదు. బావగారికి చెప్తానంది. వద్దని ఒట్టు వేయించుకున్నాడు. ‘అన్నయ్య చేసినవాటిల్లోకల్లా గొప్పదని పెద్ద సారే అన్నారు. తప్పు నా కాలిదై ఉంటుంది’ అన్నాడట.

తప్పు నా కాలిదట. చెప్తూ చెప్తూ ఆ పిల్ల నా మొహంలోకి చూసింది, నేనేమైనా అంటానేమోనని.

జ్వరం వచ్చి డ్యూటీలో పడిపోయాక ఆసుపత్రికి తెచ్చారు. పుండు ఎముకదాకా పోయింది. షుగరు ఉందని అప్పుడే బయటపడింది. ఈసారి మోకాలి పైకి తీసేశారు. డాక్టరు, అంతా షుగరు వల్లనే అన్నాడు. ఆ మాటతో అందరి గుండెల మీద బరువు దిగింది. పెద్దాయన పదిసార్లు షుగరు అన్నారు, నేను కనీసం ఐదుసార్లు అన్నాను. పిసరయ్య ఒక్కసారి కూడా అనలేదు. నెల తర్వాత డిపో నించి కాగితం వచ్చింది. మోకాలి పైన తీసేసినవాళ్ళకి నిలబడి చేసే ఉద్యోగం ఉండదని, చేసిన సేవకి కృతజ్ఞతలని.

ఇక ఎవరికీ పనికిరాని ఆ కాలిని పిసరయ్య ఒక దుప్పట్లో చుట్టి షెడ్డుకి తెచ్చాడు. బల్ల మీద పెట్టి విప్పాడు. వార్నిష్ మెరుస్తూనే ఉంది, బయటివైపు ఒక్కచోట మాత్రం నల్లబడింది. సరిగ్గా అక్కడే. ఆకురాయి తీసుకుని అరగదీశాడు. నేను ఒక పట్టీలో సగం కుట్టేలోపు అయిపోయింది. మధ్యమధ్యలో చెయ్యి పెట్టి తడుముకున్నాడు, సరిపోయిందా లేదా అని, ఎవరో తొడుక్కుంటారన్నట్టు. తర్వాత ఆ చెక్కపొడిని ఒక కాగితంలోకి ఎత్తి పెద్దాయన గదిలోకి వెళ్ళాడు. నేను గుమ్మందాకా వెళ్ళి నిలబడ్డాను.

ఆ కాగితం బల్ల మీద పెట్టి, ఇది మీ వాటా సార్ అన్నాడు. ఆయనకి అర్థం కాలేదు. పంతులమ్మ దగ్గర్నించి మొదలుపెట్టి మొత్తం చెప్పాడు, గొంతు పెంచకుండా. ఎప్పుడో అనాల్సినవన్నీ ఒకేసారి అనేస్తాడని, అరుస్తాడని నేను ఆశపడ్డాను. అరవలేదు. పెద్దాయన మొహం ఎర్రబడింది, తెల్లబడింది.

‘పిసరే కదయ్యా. చెప్తే తీయమనేవాణ్ణి కదా’ అన్నారు. ఆ తర్వాత, అయినా అది షుగరు వల్ల కదా అని, ఆ కాగితాన్ని పక్కకి జరిపి ముందున్న పేషెంటు కార్డు మీద సంతకం పెట్టారు. సంతకం గీత దాటిపోయింది, నేను చూశాను. నాకేమీ జాలి కలగలేదు. పిసరయ్య వెనక్కి వచ్చి, మధ్యలో ఆపిన వేరే గిన్నె అందుకున్నాడు. దాన్లో వాటా వదల్లేదు. పెద్దాయన కూడా ఆ తర్వాత ఎవరి గిన్నెలోనూ చెయ్యి పెట్టలేదు, దూరం నించి చూసి సంతకం చేస్తున్నారు. ఇరవై మూడేళ్ళ కిందటే ఎవరో ఒకరు నోరు విప్పితే సరిపోయే దానికి, ఒక మనిషి కాలు మోకాలి పైదాకా ఖర్చైంది.

మోకాలి పైన తీసేసినవాళ్ళ కాలికి నడుము బెల్టు కావాలి. దానికి కొలతలు తీసుకోవడానికి ఒక ఆదివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. తమ్ముడు గుమ్మం పక్క మంచం మీద కూర్చుని వీధిలో వెళ్ళే బస్సుల్ని చూస్తున్నాడు. నన్ను చూసి రా అక్కా అన్నాడు, అంతే, జోకు లేదు. పిసరయ్య వాడికెదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. నేను టేపు బయటికి తీసేలోపు, నేను ఉన్నానని కూడా చూసుకోకుండా చెప్పడం మొదలుపెట్టాడు. వాటా సంగతి, ముట్టుకోకు అన్న సంగతి, నేను తీసెయ్ అంటే తీయని సంగతి, ఆకురాయి దాకా వెళ్ళి వెనక్కొచ్చిన చెయ్యి సంగతి. తన మీద వేసుకోవాల్సిందంతా వేసుకున్నాడు, ఒక్కటి కూడా తగ్గించలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

తమ్ముడు అంతా విన్నాడు. ఎంత అన్నయ్యా అని అడిగాడు. పిసరయ్య జేబులోంచి పోస్టుకార్డు తీసి, అంచు చూపించాడు. వాడు దాన్ని చేతిలోకి తీసుకుని, రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కాడు. కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. వాడికి కోపం వస్తే బాగుండునని, ఆ కార్డు చింపి మొహాన కొడితే బాగుండునని నాకు అనిపించింది.

‘నేను కొంచెం అన్నాను కదన్నయ్యా’ అన్నాడు. ‘కొంచెం అన్నవాడి కాలు వెంటనే ఊడదీసి చూడాలని నా చిన్నప్పట్నించీ నువ్వే చెప్తావు కదా. నువ్వు చూస్తావని అన్నాను.’

పిసరయ్య రెండు చేతులూ మొహం మీద పెట్టుకున్నాడు. తమ్ముడు కార్డుని అన్న ఒళ్ళో పెట్టి, మళ్ళీ వీధి వైపు తిరిగాడు. వంటింటి గుమ్మంలో వాళ్ళ ఆడవాళ్ళిద్దరూ నిలబడి ఉన్నారు. వచ్చిన పని ఉంది కాబట్టి నేను, కొంచెం లేవరా తమ్ముడూ అని వాడి నడుముకి టేపు చుట్టాను. బిగుతుగా ఉందా అని అడిగాను.

‘పర్లేదక్కా, కొంచెం’ అన్నాడు వాడు నేల చూస్తూ.

టేపు విప్పేశాను. వాణ్ణి కూర్చోబెట్టి, చొక్కా పైకెత్తి చూసి, మళ్ళీ మొదట్నించీ కొలిచాను.